రొట్టె మీది పన్నును తీయించిన రిచర్డ్ కాబ్డెను

రాజ్యములను జయించినవారి చరిత్రలు లోకమున అనేకములు గలవు. ఒక్క సుంకమును తీయించుటకై ఏడేండ్లు ఊరూర తిరిగి, తన వ్యాపారమును, ఆరోగ్యమును గూడ పోగొట్టుకొనినవాని చరిత్ర మాత్రము అరుదు. కత్తి పట్టక, కారాగృహమునకు పోక, మంత్రిపదవిని గైకొనక, లెక్కలచేతను, అచ్చుకాగితములచేతను, సభలలోని యుక్తివాదముచేతను ఒక మహాసామ్రాజ్యపు శాసనమును మార్పించిన వర్తకుడు రిచర్డ్ కాబ్డెను. ఈనాడు అమెరికాలోని రాష్ట్రములయందు స్వేచ్ఛావాణిజ్యమును సమర్థించుచు, ప్రభుత్వ విధానములను పరిశీలించి, గ్రంథములు ప్రకటించి, శాసనసభ్యులకు నచ్చజెప్పు సంస్థలు పెక్కులు గలవు. అవి అనుసరించు పద్ధతిని నూటయెనుబది యేండ్లకు పూర్వమే ఒక ఊరిలో ప్రారంభించి, దేశమంతట వ్యాపింపజేసినవారిలో ఈయన అగ్రగణ్యుడు.

కాబ్డెను 1804 జూన్ 3వ తేదీని ఇంగ్లండు దక్షిణభాగమున ససెక్సు మండలములో, మిడ్‌హర్‌స్టు పట్టణమునకు సమీపమున, డన్‌ఫర్డు అను సేద్యపు ఇంటిలో జన్మించెను. పదునొకండుగురు సంతానములో ఆయన నాల్గవవాడు. తండ్రి విలియము సాధుస్వభావుడే గాని లౌక్యము చాలనివాడు. పంటల ధరలు పడిపోయి, అప్పులు పెరిగి, కుమారునికి పదేండ్లు వచ్చునప్పటికి సేద్యము పూర్తిగా చెడెను. పిల్లలను బంధువులు తలకొకరిని పంచుకొనిరి. కాబ్డెనును ఉత్తరమున యార్కుషైరులోని ఒక పాఠశాలకు పంపిరి. అచట ఐదేండ్లు ఆకలితోను, చలితోను, దెబ్బలతోను గడచెను. పెద్దవాడై కీర్తి సంపాదించిన తరువాత గూడ ఆయన ఆ దినములను గూర్చి మాటాడుటకు ఇష్టపడెడివాడు కాడు.

పదునైదవ యేట లండనులో పినతండ్రి బట్టల గిడ్డంగిలో గుమాస్తాగా చేరెను. తెల్లవాఱుజామున లేచి పుస్తకములు చదువుట ఆ పినతండ్రికి కంటకమయ్యెను. పుస్తకములు పట్టినవాడు వర్తకమునకు పనికిరాడని ఆ యింటివారి అభిప్రాయము. అయినను కాబ్డెను చదువు మానలేదు. బడిలో దక్కని విద్యను దీపపు వెలుగున తానే సంపాదించుకొనెను. ఫ్రెంచి భాషను స్వయముగా నేర్చెను. తరువాత నమూనా గుడ్డలు పట్టుకొని గుఱ్ఱపు బండ్లలో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశములు తిరుగు విక్రయ ప్రతినిధి అయ్యెను. ఏ ఊరిలో ఏ సరకు పోవును, కూలివాడు ఏమి తినును, రైతు దేనికి ఏడ్చును అను విషయములు ఆయనకు తెలిసినది ఆ ప్రయాణములలోనే.

1828లో ఇరువురు మిత్రులతో గలిసి, అరువు సొమ్ముతో సొంత వ్యాపారము ప్రారంభించెను. 1831లో లాంకషైరునందు అద్దకపు కర్మాగారమును గుత్తకు తీసికొనెను. మఱుసటి యేడు మాంచెస్టరు పట్టణమునకు కాపురము మార్చెను. ఆయన అమ్మినది పూవులచ్చు వేసిన నూలుగుడ్డ. దాని చరిత్రకు తెలుగునాటితో సంబంధము గలదు. ఆంగ్లేయులు దానికి పెట్టిన కాలికో అను పేరు మలబారు తీరమందలి కోళిక్కోడు రేవునుండి వచ్చినది. అట్టి అద్దకపు బట్టలు మచిలీపట్టణము మొదలగు కోరమాండలు తీరపు రేవులనుండి ఓడలకొలది ఐరోపాకు పోయెడివి. ఆ పోటీకి ఓర్వలేక ఇంగ్లండు 1721లో అద్దకపు నూలుబట్టల వాడకమును శాసనముచేత నిషేధించెను. 1774లోగాని ఆ నిషేధము తొలగలేదు. ఆ నీడలో పెరిగిన పరిశ్రమయే కాబ్డెనుకు జీవనాధారమయ్యెను. ఈ సంగతి ముందు ముందు జ్ఞాపకముంచుకొనదగినది.

మాంచెస్టరు అప్పటికే లక్షకు మించిన జనముతో, పొగగొట్టములతో కిటకిటలాడుచుండెను. అయినను దాని పరిపాలన పాతకాలపు భూస్వామి కచేరీ చేతిలోనే యుండెను. కాబ్డెను దీనిని సహింపక పురపాలక సంఘము కావలెనని కరపత్రము వ్రాసి, ఊరి వారిని కూడగట్టెను. 1838లో పట్టణమునకు ఆ హక్కు లభించెను. ఆయనను పురపెద్దలలో ఒకనిగా ఎన్నుకొనిరి. అంతకు ముందే గుమాస్తాలు, చిన్న వర్తకులు చదువుకొనుటకై అథీనియము అను పఠనాలయమును స్థాపించుటలో ఆయన పూనికతో పనిచేసెను. 1835, 1836 సంవత్సరములలో ఒక మాంచెస్టరు వస్తూత్పత్తిదారుడను ముసుగుపేరుతో రెండు చిన్న గ్రంథములు ప్రకటించి, యుద్ధములు మాని వర్తకము పెంచుకొనిన దేశమే నిలుచునని వాదించెను.

ఇక ఆయన జీవితకార్యమైన ధాన్యపు చట్టములను గూర్చి తెలిసికొనవలెను. 1815లో నెపోలియనుతో యుద్ధము ముగిసినంతనే, హెచ్చు ధరలు పడిపోవునని జంకిన భూస్వాములు పార్లమెంటులో ఒక శాసనము చేయించుకొనిరి. ఇంగ్లండులో గోధుమ క్వార్టరు ఒక్కింటికి, అనగా ఎనిమిది బుషెళ్ళకు, 80 షిల్లింగుల ధర పలుకువఱకు విదేశపు గోధుమ అంగడికి రాగూడదని దాని తాత్పర్యము. 1828లో దీనిని సడలించి, ధరను బట్టి హెచ్చుతగ్గులగు సుంకమును విధించిరి. ధర 52 షిల్లింగులుండగా సుంకము 34 షిల్లింగుల 8 పెన్నీలు. ధర 73 షిల్లింగులకు ఎక్కినచో సుంకము ఒక్క షిల్లింగు. చూచుటకు న్యాయముగా నున్నను ఫలితము విపరీతమయ్యెను. వర్తకులు ధాన్యమును రేవు గిడ్డంగులలో బిగబట్టి, ధర ఆకాశమునంటి సుంకము పడిపోయిన దినమున ఒక్కుమ్మడిగా వదలెడివారు. కొనువాడు ముందు కఱవును, పండించువాడు వెనుక ధరల పతనమును అనుభవింపవలసి వచ్చెను. పొలము కూలివానికి వారమునకు పది షిల్లింగుల కూలి గిట్టుట కష్టముగానున్న ఆ దినములలో రొట్టె ధర పెరుగుట యనగా పిల్లల కడుపు కాలుటయే.

1838లో మాంచెస్టరు వర్తకులు కొందఱు ధాన్యపు చట్టముల రద్దుకై ఒక సంఘమును స్థాపించిరి. 1839 మార్చిలో అది దేశవ్యాప్తమైన లీగుగా రూపొందెను. జార్జి విల్సను అధ్యక్షుడు. కాబ్డెను దానికి ప్రాణము. ఆయన ఏర్పఱచిన కార్యక్రమము నేటికిని పరిశీలింపదగినది. కోరిక ఒక్కటియే యుండవలెను, పది కోరికలు గూడదు. సగము తగ్గింపునకు ఒప్పుకొనగూడదు, పూర్తి రద్దే కావలెను. ప్రతి వాదమునకు లెక్క యుండవలెను. జీతమిచ్చి ఉపన్యాసకులను ఏర్పఱచి పల్లెలకు పంపిరి. లీగు పేర పత్రికలు నడపిరి. 1840లో ఇంగ్లండునందు ఒక్క పెన్నీకి ఉత్తరము పోవు తపాలా పద్ధతి వచ్చెను. దానిని కోరి వాదించినవారిలో కాబ్డెనుగూడ ఒకడు. ఆ చౌక తపాలా లీగునకు రెక్కలిచ్చెను. 1843లో సుమారు తొంబది లక్షల కరపత్రములు పంచిరి. వాని తూకము నూఱు టన్నులు దాటెను. ఓటర్ల జాబితాలను ఊరూర పరిశీలించి, అనర్హుల పేర్లపై ఆక్షేపణలు దాఖలు చేసి, అర్హులను చేర్పించిరి. చిన్న భూఖండము కొనినవానికి ఓటు హక్కు వచ్చు నిబంధనను గమనించి వేలమందిచేత భూములు కొనిపించిరి.

సభలకై మాంచెస్టరులో కట్టిన మందిరముగూడ ఒక కథ గలది. 1819లో నిరాయుధులైన ప్రజలపై గుఱ్ఱపుదళము దూకి నెత్తురు చిందించిన పీటర్లూ మైదానములోని స్థలమది. ఆ స్థలము కాబ్డెను సొత్తు. దానిని ఆయన లీగునకిచ్చెను. ధనసేకరణము గూడ ఆశ్చర్యకరము. మొదట 50 వేల పౌనులు, తరువాత లక్ష, కడపట రెండున్నర లక్షల పౌనులు కూడబెట్టుటకు పూనుకొనిరి. 1845లో లండనునందలి కోవెంటుగార్డెను నాటకశాలలో స్త్రీలు నడపిన సంత ఒక్కటియే 25 వేల పౌనులను సమకూర్చెను. ఓటుహక్కు లేని స్త్రీలు ఒక రాజకీయోద్యమమున ఇంతటి భారము వహించుట ఆనాడు క్రొత్త సంగతి.

కాబ్డెనుకు కుడిభుజమైనవాడు జాన్ బ్రైటు. 1841 సెప్టెంబరులో బ్రైటు భార్య పసిబిడ్డను విడిచి చనిపోయెను. ఆయన లీమింగ్టను పట్టణమున శోకమగ్నుడై యున్నప్పుడు కాబ్డెను పరామర్శకు వచ్చెను. ఓదార్పు మాటలు చెప్పిన పిదప, ఆ క్షణముననే ఇంగ్లండులోని వేలకొలది యిండ్లలో భార్యలు, తల్లులు, బిడ్డలు ఆకలిచే చనిపోవుచున్నారని జ్ఞాపకము చేసెను. దుఃఖపు మొదటి ఉధృతము తగ్గిన తరువాత తనతో రమ్మనియు, ఆ చట్టము పోవువఱకు ఇరువురును విశ్రమింపవలదనియు కోరెను. బ్రైటు ఆ మాట నిలుపుకొనెను. కాబ్డెను నెమ్మదిగా లెక్కలతో నచ్చజెప్పువాడు. బ్రైటు ఉరుమువలె గర్జించువాడు. సభలో ముందు కాబ్డెను, వెనుక బ్రైటు మాటాడుట ఆచారమయ్యెను.

1841లో కాబ్డెను స్టాక్‌పోర్టునుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. అచట కూర్చున్నవారిలో అధిక సంఖ్యాకులు భూస్వాములు. మిల్లు యజమానులు కూలి తగ్గించుటకే రొట్టె చౌక కోరుచున్నారని వారు నిందించిరి. కార్మికుల ఓటుహక్కుకై పోరాడు చార్టిస్టులు సైతము అదే అనుమానముతో లీగు సభలను చెదరగొట్టిరి. కాబ్డెను ఈ నిందకు బెదరక నేరుగా రైతుల యొద్దకే పోయెను. సంతదినములలో పల్లె పట్టణములలో బండిమీద నిలిచి మాటాడెను. ధాన్యపు ధర హెచ్చగానే భూస్వామి కౌలు పెంచును. ధర తగ్గినను కౌలు తగ్గదు. కావున సుంకపు లాభము భూమి గలవానికే గాని దున్నువానికి గాదని విడమరచి చెప్పెను. కౌలు కట్టలేక చితికిన రైతు కుమారుడు చెప్పుటచేత ఆ మాటకు బలము చేకూరెను.

ప్రధానమంత్రి సర్ రాబర్ట్ పీలు ఆయనకు ముఖ్య ప్రతిపక్షి. 1842లో పీలు సుంకమును కొంత తగ్గించెను గాని తీయలేదు. 1843 జనవరిలో పీలు కార్యదర్శిని ఒక ఉన్మాది కాల్చి చంపెను. ఆ మఱుమాసమున కాబ్డెను సభలో దేశపు దుఃస్థితికి పీలు స్వయముగా బాధ్యుడని చెప్పగా, కలత చెందియున్న పీలు దానిని హత్యకు ప్రేరేపణముగా భావించి మండిపడెను. సభ యంతయు కాబ్డెనుపై అఱచెను. చట్టము బాధ్యతయే తన భావమని ఆయన చెప్పినను వినినవారు లేరు. ఆ గాయము చాలకాలము మానలేదు. అయినను కాబ్డెను ద్వేషముతో బదులు చెప్పక, ఇంకను హెచ్చు లెక్కలతో వచ్చెను. 1845 మార్చి 13న రైతుల దుఃస్థితిని గూర్చి ఆయన చేసిన ప్రసంగమును వినుచు పీలు ప్రత్యుత్తరమునకై వ్రాసికొనుచుండెను. కొంతసేపటికి ఆ కాగితమును చేతిలో నలిపివేసి, ప్రక్కనున్న సహచరుని బదులు చెప్పుమని, తాను చెప్పజాలనని తెలిపెనట.

ఆ యేటి శరత్కాలమున ఐర్లండులో ఉర్లగడ్డ పైరు తెగులు తగిలి నేలలోనే కుళ్ళిపోయెను. బీదలకు అదియే అన్నము. ఇక ధాన్యపు ద్వారమును మూసియుంచుట అసాధ్యమని పీలు గ్రహించి, తన పక్షమునే ఎదిరించి రద్దు బిల్లును తెచ్చెను. 1846 మే 15న అది ప్రజాసభలో 98 ఓట్ల ఆధిక్యముతో నెగ్గెను. జూన్ 26న రాజముద్ర పడెను. సుంకము క్రమముగా తగ్గి 1849లో ఒక్క షిల్లింగునకు దిగెను. అయితే ఈ రద్దు ఐర్లండును రక్షింపలేదు. కొనుటకు కాసు లేనివానికి చౌక ధాన్యము గూడ అందదు. ఆ క్షామమున సుమారు పది లక్షల జనము మరణించిరి. బిల్లు ప్రభువుల సభలో నెగ్గిన రాత్రియే పీలు మఱియొక విషయమున ఓడి, పిదప పదవి వీడెను. వీడునప్పుడు, ఈ కార్యపు కీర్తి తనకుగాని తన ప్రత్యర్థులకుగాని చెందదనియు, అది కాబ్డెనుకే చెందవలెననియు నిండుసభలో ప్రకటించెను. మూడేండ్ల క్రిందట తనపై మండిపడిన నోటనే ఆ మాట వచ్చుట ఇరువురికిని గౌరవము. పని ముగియగానే లీగును మూసివేసిరి. చేతిలో ధనము, కీర్తి యుండగా సంస్థను చాలించుకొనుట సామాన్యులకు సాధ్యము గాదు.

ఈ ఏడేండ్లలో కాబ్డెను వ్యాపారము దిక్కులేనిదయ్యెను. దేశపు లెక్కలు సరిచేసిన వాని యింటి లెక్కలో మిగిలినది అప్పు. ప్రజలు చందాలు వేసి 75 వేల పౌనులకు పైగా సమర్పించిరి. ఆయన దానితో అప్పులు తీర్చి, తండ్రి కాలమున చేజాఱిన డన్‌ఫర్డు ఇంటిని తిరిగి కొనెను. మిగిలినదానిలో పెద్దభాగము అమెరికా రైలుమార్గపు వాటాలలో పెట్టి మరల చిక్కులబడెను.

తరువాతి ఇరువది యేండ్లు శాంతికొఱకు వెచ్చించెను. దేశముల తగవులను మధ్యవర్తులచే తీర్చుకొనవలెనని 1849లో తీర్మానము తెచ్చి ఓడిపోయెను. 1852లో బర్మాపై ఆంగ్లేయులు యుద్ధము చేసి పెగూ రాష్ట్రమును కలుపుకొనినప్పుడు, వేయి పౌనులు గూడ లేని తగవు రాజ్యాపహరణముగా ఎట్లు పెరిగెనో ప్రభుత్వపు కాగితములనుండియే చూపుచు 1853లో ఒక గ్రంథము వ్రాసెను. క్రిమియా యుద్ధమును ఎదిరించి జనుల నిందకు గుఱియయ్యెను. 1857లో చీనాలోని కాంటను పట్టణముపై ఫిరంగులు ప్రయోగించుటను ఖండించి 16 ఓట్లతో మంత్రివర్గమును ఓడించెను. దాని వెంట వచ్చిన ఎన్నికలో తానే ఓడెను. ఇంతలో 1856లో జర్మనీలో చదువుచున్న పదునైదేండ్ల ఏకైక కుమారుడు ఆకస్మికముగా చనిపోయెను. భార్య చాలకాలము మాటలేక శిలవలె కూర్చుండెను. ఆయన సర్వమును మాని ఆమె ప్రక్క నిలిచెను.

జ్ఞానముపై పన్నులని పేరుబడిన వార్తాపత్రికల ముద్రపన్ను, కాగితపు సుంకము తీయించుటలో గూడ ఆయన పాత్ర గలదు. మొదటిది 1855లోను, రెండవది 1861లోను తొలగెను. చౌక రొట్టెతోబాటు చౌక పత్రికయు సామాన్యునికి లభించెను. 1860లో ఫ్రాన్సుతో వాణిజ్య సంధిని కుదిర్చి, అనేక వస్తువులపై సుంకములను తగ్గింపజేసెను. మంత్రిపదవిని, వంశపారంపర్య బిరుదమును ఇచ్చిరి గాని ఆయన రెండింటిని నిరాకరించెను.

ఇట్టివాని దోషములు గూడ చెప్పకుండుట న్యాయము గాదు. మిల్లులలో పదిగంటల పనిదినమును విధించు చట్టమును ఆయన ఎదిరించెను. పెద్దల శ్రమను శాసనము నియమింపగూడదని ఆయన మతము. బేరమాడు శక్తి లేని కూలివాని స్వేచ్ఛ ఎంతటిదో ఆయన చూడలేదు. భారతదేశపు విషయము ఇంకను కఠినమైనది. మాంచెస్టరు చెప్పిన స్వేచ్ఛావాణిజ్యము తెలుగు సాలెవానికి స్వేచ్ఛగా రాలేదు. వాని బట్ట ఇంగ్లండున నిషేధము, సుంకములు అనుభవించిన పిదప, మిల్లుబట్ట ఇచట స్వల్ప సుంకముతో దిగెను. కాబ్డెను చనిపోయిన తరువాత 1896లో విదేశపు బట్టమీద మూడున్నర పాళ్ళు సుంకము వేసి, సమానత్వము పేర స్వదేశపు మిల్లుబట్టమీద గూడ అంతే పన్ను వేసిరి. తన సుంకమును తాను నిర్ణయించుకొను అధికారము లేని దేశమునకు స్వేచ్ఛావాణిజ్యము మఱియొకని ఆజ్ఞయే. కాబ్డెను స్వయముగా హిందూదేశమును ఆంగ్లేయులు పాలింపజాలరని తలంచినవాడే. కాని తన ఊరి గుడ్డ పోవు దారిలో మగ్గములు ఆగుటను గూర్చి ఆయన పోరాడలేదు.

మఱియొక విచిత్రము గలదు. ధాన్యపు సుంకముపై పోరాటమున ఎకానమిస్టు పత్రికను 1843లో స్థాపించిన జేమ్సు విల్సను 1859లో భారతదేశమునకు ఆర్థిక సభ్యుడుగా వచ్చి, 1860లో ఈ దేశమున మొట్టమొదటి ఆదాయపు పన్నును విధించెను. అచట పన్ను తీయించినవారిలో ఒకడు ఇచట పన్ను వేయుటకు రావలసి వచ్చెను. ఆ యేడే కలకత్తాలో మరణించెను. స్వతంత్ర భారతమున గూడ ఈ తర్కము ఆగలేదు. 1959లో స్థాపితమైన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు నిడుబ్రోలు వాస్తవ్యుడైన ఆచార్య రంగా. రాజ్యము వర్తకమును ఎంతవఱకు కట్టవలెను, ఎంతవఱకు విడువవలెను అను ప్రశ్న నేటికిని రైతు ధాన్యపు ధరవద్ద మరల మరల లేచుచునే యున్నది.

1865 మార్చిలో, ఉబ్బసముతో బాధపడుచున్నను, కెనడాలో కోటలు కట్టు వ్యయమును ఎదిరించుటకై తీవ్రమైన చలిలో కాబ్డెను లండనునకు ప్రయాణమయ్యెను. చేరినంతనే మంచమెక్కెను. ఏప్రిల్ 2వ తేదీని, బ్రైటు ప్రక్కనుండగా, అఱువది యొకటవ యేట కన్ను మూసెను. జన్మగ్రామపు చేరువనే వెస్టు లావింగ్టను శ్మశానమున కుమారుని సమాధి చెంత ఆయనను ఉంచిరి.

ఆయన సిద్ధాంతము అన్ని దేశములకు, అన్ని కాలములకు చెల్లునా యను విషయమున పండితులు ఏకీభవింపలేదు. కాని ఆయన మార్గము సర్వులకు అనుసరణీయము. ఒక అన్యాయమును గుర్తించుట, దాని లెక్కను తీయుట, ఆ లెక్కను బీదవానికి గూడ తెలియునట్లు అచ్చువేయుట, ఎదిరి మాటను విని మరల బదులు చెప్పుట, జయము కలిగిన నాడు పదవిని కోరక ఇంటికి పోవుట – ఇంతకు మించిన ప్రజాసేవ లేదు. గ్రంథాలయమున దీపము వెలుగుచున్నంతకాలము అట్టివాడు ఏ పల్లెనుండియైన రావచ్చును. తెల్లవాఱుజామున చదువుకొనుటకు నిందపడిన గుమాస్తా ఒకడు ఒక దేశపు రొట్టెను చౌక చేసెను.